సున్నా రాని బల్ల

అప్ప పోయిందని నాకు కంపెనీ బస్సులో తెలిసింది. అదీ పోయిన ఐదో రోజున. అనకాపల్లిలో పొద్దున్నే బస్సెక్కి, కిటికీ పక్కన కూచుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాను. రాంబిల్లి వైపు ఒక ఊళ్ళో ఎక్కిన ఆడవాళ్ళలో ఒకామె నా పక్కన కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది.

"బల్లల అప్ప సచ్చిపోనాది మేడమ్. తెల్దా మీకు? ఆదివారం పొద్దున్న. నాల్రోజులు జొరం, ఆయాసం. ఆస్పత్రికి తీసికెల్లీసరికే అయిపోనాది."

"అయ్యో" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఓదార్పుగా అంది కాబోలు, "మీరంటే అప్పకి పేనం గదా మేడమ్" అంది. ఆ మాట వినలేక కిటికీ వైపు తిరిగిపోయాను. నేను ఏడుస్తున్నాననుకుని ఆమె నా భుజం తట్టింది. ఏడుపు కాదది. సిగ్గు.

మీలో ఎవరికీ ఆమె తెలిసుండదు. సముద్రం ఒడ్డున రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, పై దేశాలకు పంపే ఒక ప్లాంటులో బల్లలు కడిగే మనిషి. షెడ్డులో అందరికీ ఆమె అప్పే, అంటే అక్క. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవాళ్ళు. ఆఖరికి మేనేజరు కూడా. నేను ఆ ప్లాంటులో ల్యాబ్ పని చేస్తాను. చీడికాడ దగ్గర చెరుకు రైతు కూతుర్ని. మైక్రోబయాలజీ చదివాను కాబట్టి నన్ను అందరూ మేడమ్ అంటారు. అప్ప కూడా నలుగురిలో మేడమ్మా అనేది. ఎవరూ లేనప్పుడు తల్లీ అనేది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూచున్నాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, ఇది మంచి మాటలతో తేలే వ్యవహారం కాదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఆరు నెలలు నోట్లోనే పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు వినడానికి ఆమె లేదు. మీరైనా వినండి.

ముందు ఆమె పని చెప్పాలి. మా షెడ్డులో పొడవాటి స్టీలు బల్లలు నాలుగు వరసలు. రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి, ఐసులోంచి రొయ్య తీసి, తల తుంచి, తొక్క ఒలిచి, నరం లాగి పక్కన పడేస్తూ ఉంటారు. షిఫ్టు మారే లోపల ఆ బల్లలు కడిగెయ్యాలి. వరసకొకరు చొప్పున కడిగేవాళ్ళు నలుగురు. తలుపు వైపు వరస అప్పది. చీర మోకాలి దాకా ఎగ్గట్టి, పైన ఏప్రాన్ కట్టుకునేది. కంపెనీ ఇచ్చిన బూట్లు ఆమె పాదాలకు ఒక సైజు పెద్దవి. ముందు గుడ్డ కుక్కుకుని తొడుక్కునేది. పని మొదలెట్టగానే బల్ల పైన కాదు, కింద చెయ్యి పెట్టేది.

"పైన ఎవులైనా కడుగుతారు. కింద సెయ్యెట్టి సూడు, అప్పుడు తెలుత్తాది ఎవులు కడిగేరో" అనేది.

బల్ల కాళ్ళ దగ్గర మరలుంటాయి. వాటి సందుల్లో రొయ్య మీసాలు ఇరుక్కుంటాయి. వాటి కోసమే ఒక చిన్న బ్రష్షు అడిగి తీసుకుంది. అంతా అయ్యాక వేళ్ళ వెనక వైపుతో స్టీలు మీద రాసి చెవి దగ్గరగా వంగి వినేది. కిర్రుమంటే కడిగినట్టు. అనకపోతే మళ్ళీ మొదటికి. ఒకసారి నేను తొందరలో ఉండి, చాలులే అప్పా, మెరుస్తోందిగా అన్నాను. "మెరిత్తే సాలదు తల్లీ, పలకాల" అంది.

గోడ మీద ఒక చార్టు ఉండేది. బల్ల ఎలా కడగాలో అయిదు అంచెలుగా రాసింది. తుక్కు తియ్యడం, సబ్బునీళ్ళతో రుద్దడం, కడగడం, క్లోరిన్ నీళ్ళు పోసి కాసేపు వదిలెయ్యడం, చివర మళ్ళీ మంచినీళ్ళతో కడిగెయ్యడం. అప్పకి చదువు రాదు. నేను చేరిన కొత్తలో నా మోచెయ్యి పట్టుకుని ఆ చార్టు ముందుకి లాక్కెళ్ళింది. "అచ్చరాలు రావు తల్లీ నాకు. ఓపాలి సదివి ఇనిపించు" అంది. చదివాను. వేళ్ళు మడుస్తూ వింది. మర్నాడు పొద్దున్న ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి, అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే విప్పుతూ, పొల్లు పోకుండా అప్పజెప్పింది. చిన్నపిల్లలా మెప్పు కోసం చూసింది కూడా. "ఫస్టు క్లాసు" అన్నాను. ఎంత మురిసిపోయిందో!

మిగతా ముగ్గురూ అయిదో అంచె చేసేవాళ్ళు కాదు. బద్ధకం వల్ల కాదండీ, పాపం. వాళ్ళ లెక్క వేరు. పండక్కి ఇల్లంతా కడిగి చివర పసుపునీళ్ళు జల్లుతాం కదా. జల్లాక ఎవరైనా మళ్ళీ కడుగుతారా? క్లోరిన్ నీళ్ళు కూడా వాళ్ళకి అలాంటివే. ఘాటు వాసన, కళ్ళు మండుతాయి, పురుగూ పుట్రా చస్తాయి, అందుకని ఆఖర్న అవే పోసి వదిలేసేవాళ్ళు.

అప్పతో వాళ్ళలో ఒకామె వాదన వేసుకోవడం నేను విన్నాను. "పసుపునీల్లు జల్లీసిన గుమ్మాన్ని మల్ల కడుగుతామేటే అప్పా? నీకు మతిపోనాది గావాల!"

"ఆ కాయితంలో అలగే ఉంది. మేడమ్మ సదివింది, నాను ఇన్నాను. అంతే" అంది అప్ప, మంచినీళ్ళ గొట్టం లాక్కుంటూ.

ఆ ముగ్గుర్నీ దిద్దాల్సింది నేను. నా ఉద్యోగమే అది. నవ్వేసి ఊరుకున్నాను. క్లోరిన్ కాస్త ఎక్కువైతే మంచిదేగా, శుభ్రంగానే ఉంటుంది అనుకున్నాను. నాది చదువుకున్న బుర్ర కదా మరి!

తర్వాత మీటరొచ్చింది. పై దేశపు కొనుగోలుదారులు తనిఖీకి వస్తున్నారని కంపెనీ వాళ్ళు తెప్పించారు. అరచేతిలో పట్టే మిషను. దాంతోపాటు ఫ్రిజ్‌లో దాచే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. ఒక్కో గొట్టంలో చివర దూదున్న పుల్ల ఉంటుంది. ఆ దూదితో బల్ల మీద రుద్ది, మళ్ళీ గొట్టంలో పెట్టి, మూత నొక్కితే పైనున్న మందు కిందికి దిగుతుంది. ఆ మందులో ఉన్నది మిణుగురు పురుగు సరుకు. మిణుగురు తోకలో వెలుగు పుట్టించే ఎంజైము ఒకటుంది. లూసిఫరేజ్ అంటారు. ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఏటీపీ అని శక్తినిచ్చే పదార్థం ఉంటుంది. రొయ్య రసంలో ఉంటుంది, సూక్ష్మజీవుల్లో ఉంటుంది, మన చేతుల చర్మంలోనూ ఉంటుంది. అది తగలగానే ఈ ఎంజైము వెలుగుతుంది. కంటికి కనిపించనంత చిన్న వెలుగు. మీటరుకి కనిపిస్తుంది, అంకె చూపిస్తుంది. అంకె పెద్దదైతే మురికి ఉన్నట్టు. ఇదివరకు ఈ సంగతి తెలియాలంటే గాజు పళ్ళేల్లో సూక్ష్మజీవుల్ని పెంచి రెండ్రోజులు కాచుకోవాల్సి వచ్చేది. ఇది పావు నిమిషంలో తేల్చేస్తుంది. నాకు దేవుడు ప్రత్యక్షమైనట్టుంది.

షెడ్డులో దాని గురించి కుదురుగా నిలబడి అడిగింది అప్ప ఒక్కత్తే.

"మిణుగురుల్ని సంపీసి పోసేరేటి అందుల?"

"ఒకప్పుడు పట్టేవాళ్ళటప్పా. ఇప్పుడు అక్కర్లేదు. ఆ పురుగు జన్యువు తీసి బాక్టీరియాలో పెడతారు. అవే తయారు చేసి ఇస్తాయి."

"అదేటో నాకు తెల్దు గానీ, పురుగు సావనేదు గదా, అది సాలు" అని, "మా సరుగుడు తోటల్ల బోల్డుండీవి. లైట్లొచ్చీసేక అగుపడ్డం నేదు. ఇక్కడికొచ్చీసి ఉద్యోగం సేత్తన్నాయన్నమాట" అంది.

ఆ రోజునించీ మీటరుకి ఆమె పెట్టిన పేరు పురుగమ్మ. నేను చేత్తో పట్టుకుని షెడ్డులోకి రాగానే, "పురుగమ్మొచ్చినాది, తప్పుకోండే" అని అరిచేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వుతూనే కొంగు సర్దుకుని నిలబడేది. నిజంగా నమ్మింది ఆ మిషన్ని. నాకన్నా ఎక్కువ నమ్మింది.

ఒకరోజు వాన పడుతోంది. సరుకు లారీ రాలేదు, పని లేదు. టీ తాగుతూ నేను గొప్పలకి పోయాను. ఇదే ఎంజైముని పెద్దపెద్ద పరిశోధనల్లో వాడతారప్పా అని మొదలెట్టాను. కణంలో ఏ జన్యువు పనిచేస్తోందో తెలియాలంటే దాని పక్కన ఈ వెలుగు జన్యువుని అతికిస్తారని, అది మేలుకుంటే ఇది వెలుగుతుందని చెప్పాను. కాన్సరు కణాల్లో ఇది పెట్టి ఎలుకకి ఎక్కిస్తారని, గడ్డ ఎక్కడుందో కోసి చూడక్కర్లేకుండా పైనుంచే కెమెరాకి వెలుగు కనబడుతుందని, మందు పనిచేస్తే ఆ వెలుగు తగ్గుతూ వస్తుందని చెప్పాను. క్లాసులో మా లెక్చరరు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అప్పకి కూడా అలాగే అవుతుందనుకున్నాను.

ఆమె గ్లాసు పక్కన పెట్టి, "ఎలుగు తగ్గితే రోగం తగ్గినట్టేనేటి?" అంది.

"అంతేగా మరి!"

"ఎలక సచ్చిపోనా ఎలుగు తగ్గుద్ది గదా తల్లీ?"

పగలబడి నవ్వాను. పక్కనున్న ఇద్దరికి చెప్పి వాళ్ళనీ నవ్వించాను. "అవన్నీ పెద్ద పెద్ద సైంటిస్టులు చూసుకుంటార్లే అప్పా" అన్నాను. ఆమె కూడా నవ్వేసి, గ్లాసు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అని, పరిశోధన చేసేవాళ్ళు మొట్టమొదట వేసుకునే ప్రశ్న అదేనని నాకు తట్టలేదు.

మీటరు వచ్చిన వారంలోనే తేలిపోయింది. మూడు వరసల బల్లలకి సున్నా. అప్ప వరసకి మాత్రం ఏదో ఒక అంకె. పెద్దదేమీ కాదు, మీటరుతో వచ్చిన పుస్తకం ప్రకారం పాసే. కానీ మా మేనేజరు రిజిస్టరు చూసి, "మూడు వరసలకి సున్నా వస్తుంటే నాలుగోదానికి ఎందుకు రాదు? పాసు గీత కిందికి దించండి. తనిఖీవాళ్ళకి సున్నాలే కనబడాలి" అన్నాడు. దించాను. ఆ మర్నాటి నుంచీ అప్ప ఫెయిలు.

అప్పుడు ఆమె కడిగిన తీరు మీరు చూడాల్సింది. రెండుసార్లు రుద్దేది, మూడుసార్లు రుద్దేది. మోకాళ్ళ మీద కూచుని బల్ల కాళ్ళు రుద్దేది. ఎంత రుద్దితే అంత బాగా ఆఖర్న మంచినీళ్ళతో కడిగేది, క్లోరిన్ వాసన పోయేదాకా. నేను దూది రుద్ది మీటర్లో పెట్టేదాన్ని. అంకె వచ్చేది. "ఎంతొచ్చినాది తల్లీ?" అనేది. చెప్పేదాన్ని. మళ్ళీ బ్రష్షు తీసేది. పక్క వరసలో చప్పున నీళ్ళు పోసి, క్లోరిన్ గుమ్మరించి, చేతులు దులుపుకున్నామెకి సున్నా.

నాకు విసుగొచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె మీదే కోపం వచ్చింది. పరువు తీస్తోందనిపించింది. ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ అందరూ నిలబడి ఉండగా అనేశాను. "మిషన్ అబద్ధం చెప్పదప్పా. నీ చేతులే శుభ్రంగా లేవేమో. చెయ్యి చాపు."

చాపింది. అప్పుడే సబ్బుతో కడుక్కుని వచ్చిన చెయ్యి. అరచేతిలో దూది రుద్ది మీటర్లో పెట్టాను. ఎవరి చేతికైనా అంకె వస్తుంది. చర్మం ప్రాణమున్నదే కదా. చాలా పెద్ద అంకె వచ్చింది. పక్కామె చెయ్యి కూడా చూశాను. ఆమె అప్పుడే క్లోరిన్ తొట్టిలో ముంచి, తడి చేత్తో ఉంది. సున్నా. రెండు అంకెలూ పైకి చదివాను. అందరికీ వినబడేలా చదివాను.

అప్ప తన చేతులు తిప్పి చూసుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత రెండూ వెనక్కి పెట్టుకుంది. "పురుగమ్మ సెప్పీసేక ఇంకేటుంది" అంది మెల్లిగా. ఎవరూ నవ్వలేదు. వారం తిరక్కుండా ఆమెను బల్లల దగ్గర్నుంచి తీసేసి, బయట తొక్కలూ తలకాయలూ పోసే చోట వేశారు. కాగితం మీద సంతకం చేసింది నేనే.

సంగతి ఎలా బయటపడిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. నాలుగు నెలల తర్వాత ఒకరోజు కరెంటు పోయి పని ఆలస్యమైంది. కంగారులో ఒకామె బల్లని సరిగా రుద్దనేలేదు, తడి మీద క్లోరిన్ కుమ్మరించేసింది. నేను దూది రుద్దాను. రుద్దిన చోటే రొయ్య కాలు ఒకటి అతుక్కుని ఉంది, నా కళ్ళకి కనబడుతోంది. మీటర్లో చూస్తే సున్నా.

ల్యాబ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఒక దూదిని రొయ్య రసంలో ముంచి పెట్టాను, అంకె ఆకాశాన్నంటింది. ఇంకో దూదిని అదే రసంలో ముంచి, రెండు చుక్కలు క్లోరిన్ వేసి పెట్టాను. సున్నా. గొట్టాల పెట్టె అడుగున మడిచి ఉన్న కాగితం అప్పుడు తీసి చదివాను. శుభ్రపరిచే రసాయనాలు మిగిలి ఉంటే ఎంజైము దెబ్బతింటుందని, అంకెలు నమ్మవద్దని స్పష్టంగా రాసుంది. బల్లలు శుభ్రంగా ఉన్నందుకు కాదు సున్నా వచ్చింది. వెలిగించేది చచ్చిపోయినందుకు. మా షెడ్డు మొత్తంలో నిజంగా కడిగిన బల్ల, నిజమైన అంకె వచ్చిన బల్ల అప్పది ఒక్కటే. ఎలక సచ్చిపోనా ఎలుగు తగ్గుద్ది గదా తల్లీ.

మేనేజరుకి చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. "ఇప్పుడేమంటావ్? నాలుగు నెలల సున్నాలూ తప్పుడువని మనమే రాసిచ్చేద్దామా? తనిఖీ వచ్చే నెల. ఇకనించీ మంచినీళ్ళతో కడిగాక చెక్ చెయ్యి. గీత పైకి జరుపు. పాతవి కదపకు" అన్నాడు. ఆ మర్నాటి నుంచీ అందరిచేతా అయిదో అంచె చేయించాను. అప్పట్నుంచీ ఏ బల్లకీ సున్నా రాలేదు. అందరికీ అప్పకి వచ్చిన లాంటి అంకెలే. కొన్ని ఇంకా పెద్దవి.

మరి అప్ప సంగతి అని నేను అడగలేదు. అడగొచ్చు. అడిగితే, మరి సంతకం చేసిందెవరు అంటాడు. కొలువు కొత్తది, ఇంటి దగ్గర నా జీతం మీద ఆశలు పెట్టుకున్నారు, ఇలాంటివన్నీ చెప్పుకున్నాను నాకు నేనే. అసలు కారణం అవేవీ కాదు. అంతమంది ముందు "మిషన్ అబద్ధం చెప్పదు" అన్న నోటితో, తప్పు నాదే అనాలి. అది చేతకాలేదు.

తొక్కల కుప్ప దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను చెబుదామని. మూడుసార్లూ ఆరోగ్యం ఎలా ఉందనడిగి తిరిగొచ్చాను. ఎండలో, ఈగల మధ్య, తల గుడ్డ కట్టుకుని గంపలెత్తుతూ ఉండేది. నన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకునేది. మునుపటిలాగే నవ్వేది. ఆయాసం మొదలయ్యాక పని మానేస్తానని చెప్పి, ఆఖరి రోజున గేటు దగ్గర నా కోసం ఆగింది.

"పురుగమ్మ బాగుందా తల్లీ?"

"బాగుందప్పా."

"ఇప్పుడు నా వరసకి సున్నా వత్తందా?"

చూడండి, ఇంతకన్నా మంచి అదను దేవుడు ఎవరికైనా ఇస్తాడా? రావడం లేదప్పా, ఎవరికీ రావడం లేదు, నువ్వే సరిగా కడిగావు, తప్పు నాది. ఇంతే చెప్పాలి. బస్సు హారన్ కొడుతోంది. మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు.

"వస్తోందప్పా" అన్నాను.

ఆమె తల ఊపింది. "అయితే నా సేతులే" అంది. అని ఆటో ఎక్కింది. ఆమెతో నా ఆఖరి మాట అదే.

పదకొండో రోజున వాళ్ళ ఊరెళ్ళాను. సెలవు చీటీలో కారణం రాయకుండానే వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు టెంటు వేశారు. లోపల వంటలు అవుతున్నాయి. వాళ్ళ అమ్మాయి నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఆమెకు మూడేళ్ళ ఆడపిల్ల ఉంది, అందరి కాళ్ళ మధ్యన తిరుగుతోంది. నేను మీ అమ్మ చాలా మంచి పనిమంతురాలమ్మా అని మొదలెట్టాను. ఆమె అడ్డొచ్చింది.

"ఏటి మేడమ్, పనిమంతురాలు? ఆ బల్లల కాడ నుంచి తీసీసినాక మాయమ్మ మడిసే కాదు. ఊళ్ళో పెళ్ళయితే అన్నం వార్చడానికి ముందు దాన్నే పిలిచీవోరు. ఎల్లడం మానీసింది. నా సేతులు మంచివి కావు, మిషన్ల సూసేరు అనీది. బియ్యం కడగదు. కూర కలపదు. సబ్బెట్టి రుద్ది రుద్ది సేతులు పుండ్లు సేసుకుంది. ఏటే అమ్మా ఈ పిచ్చి అంటే, పురుగమ్మ అబద్దం సెప్పదే అనీది."

ఇక ఆగలేకపోయాను. కుర్చీలోంచి లేచి, నిలబడే చెప్పాను. క్లోరిన్ సంగతి, రొయ్య రసం సంగతి, గేటు దగ్గర నేనాడిన అబద్ధం, ఏమీ దాచలేదు. ఆమె వంట గరిటె పట్టుకుని అలాగే వింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆరు నెలలైంది."

"ఆరు నెల్లు!" అంది. గరిటె పక్కన పెట్టింది. "బస్సెక్కితే గంట దూరం నేదు మేడమ్ మా ఊరు. మీకు ఆరు నెల్లు పట్టిందేటి? ఓపాలొచ్చి ఆ ముక్క దాని మొకాన సెప్పుంటే సాలు. సావడం ఎలాగూ సచ్చీదే. ఇలాగ సచ్చీది కాదు."

తప్పేనమ్మా అన్నాను.

"నాకు కాదు సెప్పాల. రండి" అని నా చెయ్యి పట్టుకుని టెంటులోకి లాక్కెళ్ళింది. "ఈల్లందరికీ సెప్పండి. ఊరు ఊరంతా దాని సేతుల గురించి అనుకుంది." భోజనాలకి కూచున్న ఆడవాళ్ళంతా తలలెత్తారు. చెప్పాను. తప్పు మిషనుది కాదు, దాన్ని చదివిన నాది, ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదు, మా షెడ్డులో సరిగా కడిగింది ఆమె ఒక్కత్తే అని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే వినబడింది. ఒక ముసలామె, "అది మీరొచ్చి సెప్పాలేటమ్మా? అది తోమిన గిన్నిలో మొకం అగుపడీది" అని విస్తరి వైపు తిరిగింది.

వాళ్ళ అమ్మాయి నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. కూచోమంది. ఆకు వేసింది. తర్వాత పిల్లని ఒళ్ళోకి లాక్కుని, పళ్ళెంలో అన్నం పప్పు కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదాలు బిగించేసింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒళ్ళోంచి జారి లోపలికి పరిగెత్తి, ఒక స్టీలు చెంచా పట్టుకొచ్చింది.

"పదినెల్ల నుంచి దీనికి మాయమ్మ దాంతోనే ఎట్టీది మేడమ్" అంది వాళ్ళమ్మ, నా వైపు చూడకుండా. "అది పోయేక నాను సేత్తో ఎడతంటే తిన్నంటది. అమ్మమ్మ తిట్టుద్దంట. సేతులు మురికంట."

పిల్ల తల్లి ముందు నిలబడి చెంచా చాపింది. తల్లి అందుకోలేదు. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే చాచి ఉంచింది. పిల్ల కూడా చెయ్యి దించలేదు.